దుబాసీ కోడలు

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తుండేది కాదు. కుట్టుమిషన్‌లో గిరగిరా తిరిగే దారపు కండెలా కాలు ఒకచోట నిలవదని చిన్నప్పుడు పెదనాన్న "బాబిన్" అన్నాడు, అదే ఖాయమైపోయింది. నాన్న పోయాక పెంచి పెద్దచేసినవాడు పెట్టిన పేరు కాబట్టి ఆమె కూడా ఇష్టంగా పలికేది.

పెదనాన్నది వడ్రంగి షెడ్డు. షెడ్డు వెనక గోడకి అవతల రంగులద్దేవాళ్ల పెరడు. వాళ్లు ఎక్కడినుంచో వచ్చి స్థిరపడినవాళ్లు. మాట వేరు, తిండి వేరు, దేవుణ్ణి తలుచుకునే తీరు వేరు. ఆ పెరట్లో దండేల మీద బట్టలు ఆరేసే కుర్రాణ్ణి బాబిన్ ఇష్టపడి చేసుకుంది. "సరేలే, గోడ అవతలే కదా, కేకేస్తే వినబడుతుంది" అని పెదనాన్న సరిపెట్టుకున్నాడు. అత్తగారు ఏమని సరిపెట్టుకుందో, అప్పటికి బాబిన్‌కి ఆ భాష రాదు కనుక తెలియలేదు.

తరవాత్తరవాత భాష బాగానే పట్టుబడింది. గోడలో చిన్న దిడ్డితలుపు ఒకటి ఉండేది. దాంట్లోంచి దూరితే పుట్టిల్లు, మళ్లీ దూరితే అత్తిల్లు. షెడ్డు ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని కుర్చీలకీ సోఫాలకీ మెత్తల తొడుగులు కుట్టేది. బట్ట అత్తగారిది, కొయ్య పెదనాన్నది, మధ్యలో సూది తనది. వియ్యంకుడూ వియ్యపురాలూ ఎప్పుడైనా ఎదురుపడితే తలలూపుకునేవారు. అంతకుమించి మాట్లాడుకుందామంటే భాష లేదు, పోట్లాడుకుందామన్నా లేదు.

ఆ లోటు ఒక వేసవిలో తీరింది.

పెదనాన్న కొత్తగా పెద్ద కరెంటు రంపం బిగించాడు. అదే వారంలో అత్తగారు రెండు పెద్ద గంగాళాలు దింపించింది. రంపం తిరిగితే పొట్టు గోడ దాటి ఎగిరి తడి బట్టల మీద వాలేది. ముచ్చటైన పసుపు బట్ట తట్టు పోసిన పిల్లలా తయారయ్యేది. గంగాళం ఒంచితే ఎర్రనీళ్లు గోడ కిందనుంచి పాకి, తెల్లగా చిత్రిక పట్టిన పలకల అడుగుకి చేరేవి. మొదట ఇటువాళ్లు అటు తిరిగి గొణిగారు. తరవాత అటువాళ్లు ఇటు తిరిగి అరిచారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా గొంతు అర్థమయ్యేది.

"అమ్మాయ్, ఆవిణ్ణి పిలు. ఇవాళ తేలిపోవాలి" అన్నాడు పెదనాన్న.

బాబిన్ ఇద్దర్నీ ముందుగదిలో కూచోబెట్టి మధ్యన నిలబడింది. అటు పెంచినాయన, ఇటు అత్తగారు. ఎవరి మాట చెప్పినా ఇంకొకరికి కోపం.

"చెప్పు ఆవిడకి. ఇంకోసారి చుక్క నీరు ఇటొచ్చిందో, ఆ గంగాళాలు బోర్లించి వాటిమీద కూచుంటానని చెప్పు."

బాబిన్ అత్తగారి వైపు తిరిగి ఆమె భాషలో అంది: "మీ గంగాళాలు భలే గట్టివట అత్తయ్యా. కూచోడానికి కూడా పనికొస్తాయంటున్నాడు."

అత్తగారు కనుబొమ్మలెత్తింది. "కొయ్యతో ఉండీ ఉండీ ఈయన బుర్ర కూడా కొయ్యబారిపోయిందని చెప్పు."

"కొయ్యపనిలో నీ బుర్రకి సాటి లేదంటోంది పెదనాన్నా."

పెదనాన్న మీసం సర్దుకున్నాడు. అలా తియ్యగా గంట గడిచింది. రేపు పొద్దున్న అటువాళ్లు నీళ్లు వదలరని ఇటు చెప్పింది, ఇటువాళ్లు రంపం ఆపుతారని అటు చెప్పింది. ఇద్దరూ నవ్వు మొహాలతో లేచారు. ఆ పూట బాబిన్ కాళ్లు నేలమీద ఆనలేదు.

మర్నాడు పొద్దున్న అటునుంచి నీళ్లు రావన్న ధీమాతో పెదనాన్న ఉన్న పలకలన్నీ నేలమీద పరిచాడు. రంపం తిరగదన్న ధీమాతో అత్తగారు ఉన్న బట్టలన్నీ దండేలకెక్కించింది. ఆపైన ఈయన రంపం మీట నొక్కాడు, ఆవిడ గంగాళం ఒంచింది.

ఇక చూడాలి! షెడ్డంతా ఎరుపు, పెరడంతా పొట్టు. పెదనాన్న నాలుగు మందపాటి పలకలు తెచ్చి దిడ్డితలుపుకి అడ్డంగా పెట్టి మేకులు దిగ్గొట్టాడు.

బాబిన్ ఆ రోజు వీధంతా చుట్టి ఇంటికి వెళ్లాల్సొచ్చింది. మొగుడు బట్టల మీది పొట్టు దులుపుతూ అంతా విన్నాడు. తిట్టలేదు, నవ్వాపుకోలేక చచ్చాడు.

"పాపం, మా అమ్మా మీ పెదనాన్నా ఇంతవరకూ మాట్లాడుకోనే లేదే. ఇద్దరూ నీతోనే మాట్లాడారు" అన్నాడు.

ఆ మాట బాబిన్‌కి సూదిలా దిగింది. మర్నాడు మళ్లీ ఇద్దర్నీ కూచోబెట్టింది. ఈసారి అటునుంచి ఆడపడుచు, ఇటునుంచి షెడ్డులో పనివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

"మొన్న నేను చెప్పినవన్నీ కోతలే" అంది రెండు భాషల్లోనూ. "ఇవాళ మాత్రం ఎవరేమంటే అది పొల్లుపోకుండా చెప్తాను. ఆనక నన్నెవరూ ఏమీ అనకూడదు."

"అలాగే చెప్పు!" అన్నాడు పెదనాన్న. "నాకు కడుపు మండిపోతోందని చెప్పు."

బాబిన్ పొల్లుపోకుండా చెప్పింది. అత్తగారు కంగారుపడి కూతురికి సైగ చేసింది. ఆడపడుచు పరుగున వెళ్లి చెంబెడు చల్లటి నీళ్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేంటి?"

"కడుపులో మంట అన్నావు కదా పెదనాన్నా. తాగమంటున్నారు."

పెదనాన్న ఏం చెయ్యాలో తోచక తాగేశాడు. మూతి తుడుచుకుని మళ్లీ అందుకున్నాడు. "మంటంటే ఆ మంట కాదు! ఈ నీళ్లతో వేగలేక తల ప్రాణం తోకకొస్తోంది నాకు!"

అదీ చెప్పింది. అత్తగారు కాసేపు ఆలోచించి, మెల్లిగా పక్కకి వంగి ఆయన వీపు వెనక్కి చూసింది.

పనివాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. పెదనాన్న వాణ్ణి ఉరిమి చూశాడు. అత్తగారు మాత్రం తగ్గలేదు. "ఈయన రంపం నా చెవిలో ఇల్లు కట్టిందని చెప్పు!" అంది. వాళ్ల భాషలో చప్పుడు భరించలేనప్పుడు అనే మాట అది.

"నీ రంపం ఆవిడ చెవిలో ఇల్లు కట్టిందట."

"చెవిలో ఇల్లా?" పెదనాన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కొలతలెవరిచ్చారు?"

బాబిన్ ఆ మాట అటు చెప్పేసరికి మొదట నవ్వింది అత్తగారే. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. అది చూసి పెదనాన్న పెదవి బిగబట్టాడు కానీ ఎంతసేపు పడతాడు? గది గదంతా ఘొల్లుమంది.

నవ్వు సద్దుమణిగాక అత్తగారు కళ్లు తుడుచుకుంటూ వేరే గొంతుతో మాట్లాడింది. బాబిన్ ఒక్కో మాటా ఇటు అందించింది.

"పొట్టు దులుపుకుంటాం. అదేం పెద్ద పని కాదు. ఆ తలుపు మీది పలకల్నే చూడలేకపోతున్నానంటోంది. వాళ్ల పాత ఊళ్లో కూడా ఇలాగే మొదలైందట. ముందు పక్కింటివాళ్లు తలుపుకి పలకలు కొట్టారట. తరవాత వీధికి అడ్డంగా కొట్టారట. చివరికి వీళ్లు మూటలు సర్దుకోవాల్సి వచ్చిందట." ఇక్కడ బాబిన్‌కి ఆపేద్దామనిపించింది. అయినా పొల్లుపోకుండా చెప్తానన్నది కదా. "నిన్న నీ సుత్తి చప్పుడు వినగానే... మూటకట్టడానికి పాత దుప్పట్లు ఎక్కడున్నాయా అని వెతుక్కుందట పెదనాన్నా."

పెదనాన్న లేచి సుత్తి తీసుకుని నేరుగా దిడ్డితలుపు దగ్గరికి నడిచాడు. అందరూ వెనకే వెళ్లారు.

మేకు రాలేదు. ఇంకోటి పట్టాడు, అదీ రాలేదు.

"అంత గట్టిగా ఎందుకు కొట్టావు పెదనాన్నా?"

"కోపమైనా పని పనే కదమ్మా" అన్నాడు చెమటలు కక్కుతూ.

పనివాళ్లు ఓ చెయ్యి వేశారు. అత్తగారు వాళ్లని తోసుకుని ముందుకొచ్చి, గంగాళాలెత్తిన చేతులతో పలక అంచు పట్టుకుంది. "ఊఁ!" అంది. ఆ "ఊఁ"కి దుబాసీ అక్కర్లేకపోయింది. ఇద్దరూ కలిసి ఒక్క గుంజు గుంజేసరికి పలక ఊడొచ్చింది. పెదనాన్న వెళ్లి పొట్టు కుప్పలో వెల్లకిలా పడ్డాడు. అత్తగారు చెయ్యి అందించి లేవదీసింది.

ఆ కుప్పని చూస్తూనే ఆడపడుచు ఏదో అంది. తమ పెరట్లో రంగునీళ్లకి నేల జారుతోందట, ఈ పొట్టు చల్లుకుంటే తడి పీల్చుకుంటుంది కదా అని అడుగుతోంది.

"అయ్యో, బస్తాలకొద్దీ పారబోస్తున్నామే! తీసుకెళ్లమను తల్లీ" అన్నాడు పెదనాన్న.

అక్కణ్ణుంచి మాట మాట కలిసి వ్యవహారం దారికొచ్చింది. మధ్యాహ్నం దాటితే గాలి పెరటి వైపు ఇంకా జోరుగా వీస్తుందని అత్తగారు చెప్పింది. అయితే రంపం పని పొద్దున్నే ముగించేస్తానన్నాడు పెదనాన్న. బట్టలు మధ్యాహ్నమే ఆరేస్తామంది ఆవిడ. ఇక నీళ్లకి గోడవారన కాలవ తవ్వుదామనుకున్నారు.

కాలవ తవ్విన రోజు రెండు ఇళ్లవాళ్లూ పలుగూ పారా పట్టుకుని దిగారు. ఎవరి అన్నం వాళ్లు తెచ్చుకున్నారు, ఎవరి అన్నం ఎవరు తిన్నారో మాత్రం తేలలేదు. భోజనాలయ్యాక కాలవ వాలు మీద గొడవ మొదలైంది. ఇటు వాలాలంటాడు పెదనాన్న. కాదు, అటంటుంది అత్తగారు.

"అలా కాదు వదినగారూ! నీరు పల్లమెరుగుతుందండీ!"

ఆవిడ తన భాషలో అంతకంటే గట్టిగా ఏదో అని, చెంబెడు నీళ్లు కాలవలో పోసి చూపించింది. ఆయన చెయ్యి వాల్చి చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. బాబిన్ రెండుసార్లు నోరు తెరిచింది. ఆమె వైపు ఒక్కరూ తిరగలేదు.

చేసేదేంలేక వచ్చి ముందుగదిలో సగం కుట్టిన సోఫా మీద మొగుడి పక్కన కూలబడింది. అతను టీ గ్లాసు చేతికిచ్చాడు.

"ఏమంటున్నారు?"

"ఏమో, నేను వినట్లేదు" అంది, చెవులు అటే ఉంచి.

పెరట్లో కేకలు ఇంకాస్త పెరిగాయి. అంతలో ఉన్నట్టుండి ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వడం వినిపించింది. ఆ వెంటనే అందరూ నవ్వుతున్నారు. బాబిన్ గ్లాసు అక్కడే వదిలేసి ఒక్క ఉరుకు ఉరికింది.

"ఏంటి? ఏంటి? ఏమన్నారు? నాకూ చెప్పండి!"