వయ్యారిభామకూ నాంచారమ్మ ముక్కుకూ నడుమ

నేను ఒక చేతిరుమాలుని. పేరుకి చేతిరుమాలునే గానీ నా బతుకంతా ముక్కు మీదే గడిచింది. అలాగని నాకేం చిన్నతనం లేదు. ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళనీ, ముక్కు మీద వేలేసుకునేవాళ్ళనీ చూశాను. ఆ ముక్కుల అసలు గొప్ప నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

పుట్టింది చీరాల దగ్గర ఒక మగ్గం మీద. తువ్వాళ్ళు నేశాక నూలు కాస్త మిగిలితే, పారెయ్యడానికి చేతులు రాక నేతగాడు దాన్నీ నేసేశాడు. అందుకే జేబులో పట్టనంత పెద్దదాన్ని, తువ్వాలు అనిపించుకోనంత చిన్నదాన్ని అయ్యాను. ఒంటి నిండా నీలం గళ్ళు. మొదట నన్ను కొన్నది ఒక బీమా ఏజెంటు. ఆయన నన్ను ముఖం తుడుచుకోవడానికి వాడింది తక్కువ, బస్సు కిటికీలోంచి సీట్లోకి విసరడానికి వాడింది ఎక్కువ. ఒకరోజు అలాగే విసిరి టీ తాగడానికి వెళ్ళాడు. బస్సు కదిలిపోయింది. జనం నిలబడి ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు గానీ, నా సీట్లో ఒక్కరూ కూర్చోరే! "రుమాలేసుంది, ఎవరిదో" అంటారు. మనిషి మాటకి లేని విలువ రుమాలుకి ఉంది ఈ లోకంలో. పది కిలోమీటర్లు మహారాణిలా ప్రయాణం చేశాను. చివరికి ఒకావిడ నన్ను ఎత్తి, అటూ ఇటూ చూసి, నాతోనే ముక్కు చీది, హాయిగా కూర్చుంది. ఆవిడే నాంచారమ్మ.

నాంచారమ్మ పెరుగు అమ్ముతుంది. ముప్పై దాటాక సైకిల్ నేర్చుకుంది. మోకాళ్ళు చెక్కుకుపోయినా పట్టు వదల్లేదు. తెల్లారగానే క్యారియర్‌కి పెరుగు క్యాను కట్టుకుని, డొంకదారిన మూడు కిలోమీటర్లు తొక్కి టౌనుకి వచ్చేది. పల్లం వస్తే పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసి "హోయ్" అని అరిచేది. ఇంట్లో నోరెత్తని మనిషి! సైకిలెక్కితే ఆమెకి పదహారేళ్ళే.

పెరుగు ఎదురొస్తే శుభం కదా. టౌన్లో ఆమె వాడిక వీధిలో పరీక్షకి వెళ్ళేవాళ్ళు, కోర్టుకి వెళ్ళేవాళ్ళు ఆమె సైకిల్ మలుపు తిరిగాకే గడప దాటేవాళ్ళు. అంత మర్యాదా ఒక్క తుమ్ముతో గంగలో కలిసిపోయేది. వానలు పడ్డాక డొంకకి రెండు వైపులా వయ్యారిభామ మొక్కలు తెల్లగా పూస్తాయి. పేరుకి భామ, చేసేది రాక్షస కార్యం. ఆ పుప్పొడి తగిలిందా, నాంచారమ్మకి కళ్ళు ఎర్రబడి, ముక్కు కుళాయి అయిపోయి, సరిగ్గా వీధిలోకి వచ్చేసరికి "హాఛ్!" జంట తుమ్మయితే శుభమే, ఆమెది ఎప్పుడూ ఒంటి తుమ్మే. బయల్దేరినవాళ్ళంతా లోపలికి పోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు.

ఆ వీధికి పెద్ద దిక్కు పేరిందేవమ్మ. పద్దెనిమిది ఇళ్ళలోనూ ఆమె మాటే మాట. ఒకరోజు సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలదీసింది.

"ఏమే నాంచారీ, పెరుగు తెస్తున్నావా, అపశకునం తెస్తున్నావా? ఇంకోసారి ఇక్కడ తుమ్మావంటే సైకిల్ అటునుంచటే తిప్పుకో."

"కావాలని తుమ్ముతానా పిన్నిగారూ? నా ముక్కు నా మాట వినటల్లేదు."

ఆ సంగతి తెలిసి మొగుడు, "పాలు కేంద్రంలో పోసేద్దాం, నువ్వు ఇంటిపట్టున ఉండు" అన్నాడు. నాంచారమ్మ నాలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ తడి జలుబుది కాదని నాకు తెలుసు. ఇల్లు, గొడ్లు, పొయ్యి పోగా ఆమెకంటూ ఉన్నది ఆ సైకిలొక్కటే.

ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "జలుబు కాదమ్మా, నీకు పుప్పొడి పడదు. సైకిలెక్కేముందు గుడ్డ తడిపి, పిండి, ముక్కుకి కట్టుకో. కళ్ళద్దాలు పెట్టుకో. దిగగానే ముఖం కడుక్కో, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కో. ఈ మాత్రలు వాడు" అన్నాడాయన. అలా నాకు ఉద్యోగం వచ్చింది. తిరనాళ్ళలో కొన్న నల్లద్దాలు పైన, నేను కింద. మొదటిరోజు కుక్కలు ఊరి పొలిమేర దాకా తరిమాయి. అయితేనేం, మూడు వారాలు ఒక్క తుమ్ము లేదు! వీధి జనం మళ్ళీ గేట్ల దగ్గరికి వచ్చారు. నేను తడి ఒంటితోనే పొంగిపోయాను.

అంతలో పేరిందేవమ్మ కోడలు హిమజకి నొప్పులు వచ్చాయి. ఆమెని ఎక్కించుకుని మస్తాన్ ఆటో గుమ్మంలో సిద్ధంగా ఉంది. మేం మలుపు తిరిగాం. పేరిందేవమ్మ ముఖం వెలిగిపోయింది. నాంచారమ్మ ఉండబట్టలేక నన్ను చటుక్కున కిందకి లాగి, "భయపడమాక తల్లీ, పెరుగు ఎదురొచ్చింది" అంది. అప్పటికే తడారిపోయిన నా మీద దారిపొడుగునా పేరుకున్న పుప్పొడి ఆమె ముక్కులోకి ఎగిరింది.

"హాఛ్!"

ఒక్కటే.

"ఆపరా మస్తానూ!" అని అరిచింది పేరిందేవమ్మ. "అమ్మాయ్, దిగి కూర్చో. నీళ్ళు తాగి వెళ్దాం."

"అత్తయ్యా, నా వల్ల కావట్లేదు" అని మూలిగింది హిమజ.

"ఒంటి తుమ్ముతో వీధి దాటనివ్వను!"

మస్తాన్ నెత్తి కొట్టుకున్నాడు. నాంచారమ్మ ఇంకో తుమ్ము కోసం ముక్కు నులిమింది, సూర్యుడి వైపు చూసింది, నా కొసతో ముక్కులో గిలిగింత పెట్టుకుంది. ఊహూఁ. నెలల తరబడి వద్దంటే వచ్చిన తుమ్ము, రమ్మంటే రాదే! చివరికి వీధి చివర కల్వర్టు పక్కకి పరిగెత్తి, వయ్యారిభామ పొదలో ముఖం పెట్టేసింది. ఓరి నాయనో! మూడు వారాల బాకీ ఒక్కసారిగా తీరింది. హిమజ పళ్ళు బిగించి గట్టిగా లెక్కపెట్టింది. "ఆరు... ఏడు... ఎనిమిది! సరి సంఖ్యే అత్తయ్యా! పోనియ్ మస్తానూ!" ఏడుస్తూనే నవ్వుతోంది ఆ పిల్ల. ఆటో మలుపు తిరిగాక తొమ్మిదోది వచ్చింది. అది నేనొక్కదాన్నే విన్నాను.

ముఖం వాచిపోయి నాంచారమ్మ రెండు రోజులు మంచం దిగలేదు. "ఇక నా సైకిల్ మూలపడ్డట్టే" అని నన్ను నలుపుతూ కూర్చుంది. మూడోరోజు మనసు ఆగక క్యాను కట్టుకుని బయల్దేరితే, డొంక మధ్యలో పేరిందేవమ్మ ఎదురుగా నడిచొస్తోంది. నాంచారమ్మ బ్రేకు పట్టి, తల దించుకుంది.

"ఆడపిల్ల పుట్టింది, బంగారుబొమ్మ" అంది పేరిందేవమ్మ. "ఆసుపత్రి మెట్ల మీదే కాన్పయినంత పనయింది. ఎందుకు ఆలస్యం చేశారని డాక్టరమ్మ నన్ను నలుగుర్లో కడిగేసింది."

"అంతా నా తుమ్ము వల్లే పిన్నిగారూ..."

"నీ తుమ్ము ఆటోని ఆపలేదే. ఆపింది నేను."

 పేరిందేవమ్మ కొంగు బిగించి, దారి పక్కకి వంగి, ఒక వయ్యారిభామ మొక్కని వేళ్ళతో సహా పీకింది. తర్వాత ఇంకోటి.

"అయ్యో, ఉత్త చేతుల్తో పీకమాకండి, దురద పుట్టుద్ది!" అని నాంచారమ్మ నన్ను విప్పి ఆమె చేతికిచ్చింది. ఆ చేతికి చుట్టుకున్నదాన్ని ఇవాళ్టికీ ఆ ఇంట్లోనే ఉన్నాను. నడుమ పల్చబడి, గళ్ళు వెలిసి, పేరిందేవమ్మ దండెం మీద ఆరుతూ. ఆమె నన్ను తిరిగివ్వనే లేదు, నాంచారమ్మ అడగనూ లేదు.

పది మొక్కలు పీకాక పేరిందేవమ్మ నడుం పట్టుకుని లేచింది. "ఇవాళ పసిదాన్ని ఇంటికి పంపిస్తున్నారు. నీ సైకిల్ మీద ఆసుపత్రి దాకా దింపుతావా?"

నాంచారమ్మ క్యానుని గబగబా హ్యాండిల్‌కి తగిలించింది. పేరిందేవమ్మ క్యారియర్ మీద పక్కకి తిరిగి కూర్చుని, నన్ను ముఖానికి అద్దుకుంది.

"హాఛ్!"

ఒక్కటే. నాంచారమ్మ కాలు నేలకి ఆనించింది. "కాసేపు కూర్చుందామా పిన్నిగారూ? నీళ్ళు తెస్తా."

"కూర్చోవడానికి తీరికెక్కడిదే, మనవరాలు ఎదురుచూస్తోంది" అంది పేరిందేవమ్మ నాతో ముక్కు తుడుచుకుంటూ. "తొక్కు."