మొదటి గిన్నె

"వితో గారికి మీరేమవుతారు?"

"ఇంటామెని."

పింఛను కిటికీ వెనక గుమాస్తా కోజిమో కుడిచెవి ఏనాడో రిటైరైపోయింది. ఎడమచెవి ఒక్కటే డ్యూటీ చేస్తోంది. అది "వంటామెని" అని విని, అతనిచేత అదే రాయించింది.

"వంటామెకి జీతం ఉంటుందమ్మా. పింఛను ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు జాలిగా.

"సరిగ్గా విన్నావు కోజిమో," అంది బెంచీ మీంచి అస్సుంతా. వితోకి అక్క. పేరుకి ఆడపడుచు, పనికి ఆడిపోసుకునే పడుచు. "మొల్డోవా నుంచి మా అమ్మకి సేవ చెయ్యడానికొచ్చింది, జీతం తీసుకుంది. ఆ పెళ్లి ఉత్త కాగితాల కోసం."

పింఛను ఇవ్వొద్దని ఆఫీసులో ఫిర్యాదు పెట్టింది ఆవిడే. కిటికీ ముందు నిలబడ్డ వియోరికా సేవకొచ్చిన మాట నిజమే. ముసలమ్మ పోయాక వితో ఆమెని పెళ్లాడిన మాటా నిజమే. ఇప్పుడు వితో కూడా పోయాడు. అతని పింఛనులో భార్య వాటా రాకపోతే, ఈ మోకాళ్లతో మళ్లీ ఎవరి ముసలాళ్లనో మంచం మీంచి లేపుతూ బతకాలి. మొగుడితోపాటే మొగమాటమూ పోయింది గనక వియోరికా కిటికీ వదల్లేదు. సంచీలోంచి మూతపెట్టిన నీలం గిన్నె తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఇదెవరిది వదినా?"

"నాదే. ఇక్కడికెందుకు మోసుకొచ్చావ్?"

వియోరికా వెనక వరసకేసి తిరిగింది. "చావింట్లో పొయ్యి రాజెయ్యరు కదా మీ ఊళ్లో. మొదటి గిన్నె ఎవరు తేవాలి?"

"పోయినవాడి రక్తసంబంధీకులు," అంది వరసలో రొట్టెల కొట్టు రొసాల్బా.

"ఎవరి చేతికివ్వాలి?"

"పెళ్లాం ఉంటే పెళ్లాం చేతికే. అడగాలా?"

"పక్కింటివాళ్లు ముందు తెచ్చేస్తే పరువు పోతుందని వదిన పరిగెత్తుకొచ్చింది. వీధంతా చూస్తుండగా ఈ గిన్నె నా చేతిలో పెట్టింది. నేను తిననంటే చెంచాతో తినిపించింది."

"మర్యాద కోసం పెట్టానే," అంది అస్సుంతా.

"ఎవరికి మర్యాద? వంటామెకా?"

"ఏం అస్సుంతక్కా, మీ ఇంటి మొదటి గిన్నె పనిమనిషికి మోశావా?" అంది రొసాల్బా.

వరసలో ఎవరో నవ్వు దగ్గులో దాచుకున్నారు. అస్సుంతా మెడ ఎర్రబడింది. అవునంటే ఇంటి పరువు పులుసులో పడుతుంది. కాదంటే ఫిర్యాదు నీళ్లలో పడుతుంది.

"మా గిన్నె పనివాళ్ల గడప తొక్కదు," అంది చివరికి, గిన్నెకేసి చూస్తూ. "వితో పెళ్లానికే ఇచ్చాను. ఆ ఫిర్యాదు కొట్టెయ్, కోజిమో."

"ఇక నీ గిన్నె పట్టుకెళ్లు వదినా. ఖాళీది తిప్పి పంపడం మా ఊళ్లో లేదు. అన్నం, మాంసం కూరి వండిన క్యాబేజీ ఆకు చుట్టలున్నాయి."

అస్సుంతా మూత ఎత్తి వాసన చూసింది. "ఉప్పు తక్కువేసుంటావ్," అని గిన్నె ఒళ్లో పెట్టుకుంది.

కోజిమో తల గోక్కున్నాడు. "మరి ఇందాక వంటామెనని నువ్వే చెప్పావు కదమ్మా?"

వియోరికా కిటికీలోంచి వంగి, అతని ఎడమచెవి దగ్గర నోరుపెట్టి ఒక్కో అక్షరం దించింది. "ఇం-టా-మె."

అతను రాసినది కొట్టేసి, పైన "భార్య" అని పెద్దగా రాసి, వరసంతా వినేలా చెప్పాడు. "ఆవిడ మొదట్నుంచీ ఇంటామెననే అంటోంది. వంటామెని చేసింది నా చెవి."