ఇకనుంచి పెద్దకోడలి పాత్రలో

సాయంత్రం దుకాణం నుంచి రాగానే అద్దాలమ్మాయి చేసే మొదటి పని టీకి నీళ్ళు పెట్టడం. రెండోది, ముందుగదిలోంచి అత్తగారు వేసే కేకకి "ఆఁ" అనడం. అత్తగారు ఏమందో వినాల్సిన పనిలేదు. ఆవిడ మాట్లాడేది టీవీతో. కాకపోతే మాట్లాడే మనిషికి మధ్యమధ్యలో ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి కాబట్టి, ఆ బాధ్యత పెళ్ళయినప్పటినుంచీ ఈ పిల్లదే.

అద్దాలమ్మాయి అన్నది వీధిలోవాళ్ళు పెట్టిన పేరు. పెద్దరోడ్డు మీది కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనకగదిలో మిషను ముందు కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. రోజంతా గాజుపొడి, నీళ్ళ తుంపర, గీమంటూ మిషను రొద. ఇంటికొస్తే టీవీలో ఏడుపు. రెంటికీ తేడా తెలియడం మానేసి చాలా కాలమైంది.

మొగుడు బస్సు డ్రైవరు. ఓడరేవు ఊరికి సాయంత్రం బస్సు తీసుకెళ్ళి, మర్నాడు పగలంతా అక్కడే పడుకుని, మళ్ళీ రాత్రికి బయల్దేరి వస్తాడు. అతను ఇంట్లో ఉండే పగలు ఆమె దుకాణంలో ఉంటుంది. గుమ్మం దగ్గర ఎదురుపడితే "గిన్నె మీద మూత పెట్టాను" అని ఆమె, "ఊఁ" అని అతను. గొడవల్లేని సంసారమని వీధిలో మంచి పేరు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైన మనిషి. చెవులకి తొడుగులు పెట్టుకుని, తీగలు గుచ్చి, ఎక్కడెక్కడివాళ్ళనో కలిపిన మనిషి. టైము కాగానే లైను తీసెయ్యాలి. "ఎన్ని కథలు విన్నానో, ఒక్కదానికీ చివర వినలేదు," అనేది. "ఒకాయన పెళ్ళాన్ని 'నిజం చెప్పు' అన్నాడు. ఆవిడ గొంతు సవరించుకుంది. టైమైపోయింది. ఇప్పటికీ ఆలోచిస్తుంటాను, ఏం చెప్పి ఉంటుందా అని."

అందుకే రిటైరయ్యాక సీరియళ్ళ మీద పడింది, చివరిదాకా చూడొచ్చని. సీరియళ్ళకి చివరనేది ఉండదని తెలిసేసరికి అలవాటు ముదిరిపోయింది.

"ఈ రాసేవాడికి ఇల్లూ వాకిలీ లేవమ్మాయ్. ఉంటే, అంత పెద్ద ఇంట్లో ఒక్కళ్ళూ గిన్నె కడగరేం?" అనేది.

"ఆఁ," అనేది వంటింట్లోంచి అద్దాలమ్మాయి.

"దీన్ని చూడు, జైల్లోంచి వచ్చింది, జడ చెదరలేదు. వీడికి తలకి దెబ్బ తగిలి గతమంతా మర్చిపోయాడట. నాకెవరూ అలాంటి దెబ్బ కొట్టరు."

"ఆఁ."

కథ ఎన్ని వంకర్లు తిరిగినా ఆవిడ సహించేది. మధ్యలో మనిషిని మారిస్తే మాత్రం ఓర్చుకోలేకపోయేది. తెర కింద 'ఇకనుంచి ఫలానా పాత్రలో ఫలానా' అని అక్షరాలు పోగానే ఒళ్ళోని రిమోటు తీసి పక్కన పడేసేది. "ముందావిడే బాగుంది," అనేది. చూసేవాళ్ళందరూ కొత్త మొహానికి అలవాటుపడి, పాతావిడ ముక్కు ఎలా ఉండేదో కూడా మర్చిపోయాక, ఈ ఒక్క ఇంట్లో ఈ ఒక్క మనిషి ఆ మాట అంటూనే ఉండేది.

అందువల్ల సీరియల్లోంచి తీసేసిన మనుషులు ఈ ఇంటికే వచ్చేవాళ్ళు.

మొదట ఒక మేనమామ వచ్చాడు. నవ్వు పుట్టించట్లేదని తీసేశారట. వసారాలో కొన్నాళ్ళుండి, కారుతున్న కుళాయి బాగుచేసి, చివరికి మూల మీది సైకిళ్ళ కొట్టులో కుదురుకున్నాడు. అక్కడ ఆయన నోరు తెరిస్తే నవ్వనివాళ్ళు లేరు. తర్వాత ఒక చిన్నపిల్ల వచ్చింది. సీరియల్లో 'కొన్నేళ్ళ తర్వాత' అని వేశారు, ఆ పిల్ల పెద్దదైపోయింది, పెద్దదాన్ని వేరే అమ్మాయి వేసింది, చిన్నది మిగిలిపోయింది. పైవాటావాళ్ళకి పిల్లల్లేరు. తీసుకెళ్ళి బడిలో వేశారు. లెక్కల్లో వెనకబడింది గానీ ఏడుపు మాత్రం అడిగిన క్షణంలో తెప్పిస్తుంది. ఎవరొచ్చినా అద్దాలమ్మాయికి తోచేది ఒకటే, ఇంకో కంచం, ఇంకో దుప్పటి.

ఒక సోమవారం దుకాణం యజమాని వెనకగదిలోకి వచ్చి మిషను ఆపమన్నాడు.

"ఓడరేవు ఊళ్ళో కొత్త దుకాణం తెరుస్తున్నానమ్మా. చూసుకోడానికి నువ్వే రావాలి. పైన గది ఉంది, ఉండొచ్చు. ఈ ఆదివారం పొద్దున అక్కడి షట్టరు దగ్గర నిలబడి ఉంటాను. నువ్వొస్తే నువ్వు. రాకపోతే మా బావమరిది. వాడికి కళ్ళద్దానికీ కిటికీ అద్దానికీ తేడా తెలీదు, అది వేరే సంగతి."

ఆ మధ్యాహ్నం ఆమె ఒక అద్దం పగలగొట్టింది. మిషను ముందు కూర్చున్నప్పటినుంచీ అదే మొదటిది. సంతోషమో భయమో తెలియలేదు.

మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర మొగుడికి చెప్పింది.

"అమ్మనడుగు," అన్నాడు బూట్లు విప్పుతూ.

"మీరేమంటారు?"

"నేననేదేముంది. నిద్రొస్తోంది."

అత్తగారిని అడగాలంటే ప్రకటనలు వచ్చేదాకా ఆగాలి. ఆ సాయంత్రం టీకప్పు చేతిలో పట్టుకుని ప్రకటనల కోసం నిలబడితే, తెర కింద అక్షరాలు పరుగెత్తాయి. ఇకనుంచి పెద్దకోడలి పాత్రలో వేరొకరు. మొదటిరోజు నుంచీ అందరి చేతా మాటలు పడుతూ వచ్చిన పెద్దకోడలు. పాల ట్రే పట్టుకుని గదిలోకి వెళ్ళినావిడ ఒకరు, ఖాళీ ట్రేతో బయటికొచ్చినావిడ ఇంకొకరు.

"చంపేశారు," అంది అత్తగారు. రిమోటు పక్కన పడింది. "ఇదేం మొహం? దీన్ని చూస్తే జాలేస్తుందా? ముందావిడ ఊరికే నిలబడితే చాలు, నాకు ఏడుపొచ్చేది."

ఆ మాట పూర్తికాకముందే తలుపు చప్పుడైంది. మెడనిండా నగలు, చేతిలో పెట్టె, కళ్ళకింద నిన్నటి సీనులోని కన్నీళ్ళు ఇంకా ఆరకుండా, పెద్దకోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"రా తల్లీ," అంది అత్తగారు. "నిన్ననే అనుకున్నాను, నీ మొహంలో కళ తగ్గిందని. అమ్మాయ్, ఇంకో కప్పు."

ఇంకో కప్పు, ఇంకో దుప్పటి.

పెద్దకోడలు అందరికన్నా ముందు లేచేది. లేచి వంటింట్లో పొయ్యి ముందు ఎంతో ఓర్పుగా నిలబడేది. అంతే, నిలబడేది. అన్నేళ్ళ వంటలో ఆవిడ పొయ్యి వెలిగించింది లేదట, ఒకే క్యారెట్టుని రోజూ తరుగుతూ గడిపిందట. అద్దాలమ్మాయి దగ్గరుండి నేర్పింది. బర్నరు ఎలా తిప్పాలి, పాలు ఎప్పుడు దించాలి, సబ్బు అరిగిపోయినప్పుడు ఎలా సర్దుకోవాలి. ఆవిడ శ్రద్ధగా నేర్చుకుంది. ఒక్కటే ఇబ్బంది. ఎవరైనా కాస్త విసురుగా మాట్లాడితే కదలకుండా నిలబడి మూడుసార్లు తల తిప్పేది. ఆ తిప్పడం అయ్యేదాకా పాలు ఆగవు కదా. పొంగేవి.

"చివరిదాకా ఉంచుతామన్నారు చెల్లెమ్మా," అంది ఒక పొద్దున, పొయ్యి గట్టు తుడుస్తూ. "ఆఖర్లో అత్తగారు తాళాలగుత్తి తెచ్చి నా చేతిలో పెడుతుంది. దానికోసమే అన్ని మాటలు పడ్డాను. ఇప్పుడా గుత్తి ఆ కొత్తావిడకి వెళ్తుంది." గుడ్డ పక్కన పెట్టి, "నీకిచ్చారా?" అని అడిగింది.

"ఈ ఇంటికి గుత్తి లేదక్కా. ఒక్క తాళంచెవి. ఆ పాలడబ్బా వెనకాల ఉంటుంది."

"చూడనా?"

తుప్పు పట్టిన ఆ తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని పెద్దకోడలు అలా నిలబడిపోయింది. ఈసారి తల తిప్పలేదు. తనకి ఊపిరాడని చోటు ఇంకొకరికి ఇంత ముద్దుగా ఎలా ఉంటుందో అద్దాలమ్మాయికి అర్థం కాలేదు. టైమవుతోందని దుకాణానికి వెళ్ళిపోయింది.

శుక్రవారం ప్రకటనల్లో అడిగేసింది. కొత్త దుకాణం, పైన గది, ఆదివారం పొద్దున. గబగబా చెప్పింది, సబ్బు ప్రకటన అయిపోయేలోగా.

అత్తగారు తన అలవాటుకి విరుద్ధంగా తెర మీంచి కళ్ళు తీసింది.

"నువ్వెళ్తే ఈ ఇంటికి కోడలెవరు?"

"నెలకోసారి వస్తాను కదా అత్తయ్యా."

"అదేంటి, గెస్టు రోలా?" అని, నవ్వకుండా, "వద్దమ్మాయ్. మధ్యలో మనిషి మారితే ఇల్లు నిలవదు. నీ అడుగు చప్పుడు నాకలవాటు. నీ ఆఁ నాకలవాటు. నువ్వు తప్ప ఇంకొకరు అలా అంటే నాకు మాట రాదు" అంది.

తిడితే బాగుండేది. తిడితే గట్టిగా ఏదో ఒకటి అని సంచీ సర్దుకునేది. ఇష్టంతో కట్టేస్తే ఎలా విడిపించుకోవాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. సరే అని కప్పులు తీసుకుని లోపలికెళ్ళి కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

శనివారం దుకాణంలో పని తెగలేదు. కళ్ళనిండా గాజుపొడి, నడుము పట్టేసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పి వంటింటివైపు నడిస్తే, పొయ్యి ముందు పెద్దకోడలు ఉంది. నీళ్ళు మరుగుతున్నాయి.

"కూర్చో చెల్లెమ్మా, నేను తెస్తాను," అంది.

వద్దనే ఓపిక లేదు. ముందుగదిలోకి వెళ్ళి, అత్తగారి పక్కనున్న కుర్చీలో కూర్చుంది. చుట్టాలొస్తే కూర్చునే కుర్చీ అది. పెళ్ళయినప్పటినుంచీ ఆ కుర్చీ తుడిచిందే తప్ప అందులో కూర్చోలేదు. వీపు ఆనించగానే కాళ్ళు ఇక లేవలేమన్నాయి.

పెద్దకోడలు ట్రే తెచ్చింది. అత్తగారు తెర మీంచి చూపు తిప్పకుండానే కప్పందుకుని గుటకేసింది.

"బాగా కుదిరిందమ్మాయ్," అంది ట్రే పట్టుకున్నావిడతో.

"ఆఁ," అంది పెద్దకోడలు.

అత్తగారు పక్కకి తిరిగింది. "తీసుకోండి, చల్లారిపోతుంది. మీరెప్పుడొచ్చారు? ఈ గోలలో పడి చూడనేలేదు."

అద్దాలమ్మాయి నోరు తెరిచింది. ఒక్క మాట చాలు, 'నేనే అత్తయ్యా' అంటే అయిపోతుంది. ఇంతేనా, ట్రే చేతులు మారినంత మాత్రాన ఇంతేనా అని నొచ్చుకుంది కూడా. నిజం చెప్పాలంటే బాగానే నొచ్చుకుంది. కానీ ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో పెట్టిన టీ, వేడిగా, చేతిలో ఉంది. ముందు తాగుదామనుకుంది. తాగింది.

"ఇప్పుడే వచ్చానండీ," అంది.

తెర మీద కొత్త పెద్దకోడలు స్తంభం పట్టుకుని ఏడుస్తోంది. "మొదట్నించీ ఈవిడే ఉన్నట్టుంది కదండీ," అంది అత్తగారు నిదానంగా. "త్వరలో ముగించేస్తారట. తాళాలగుత్తి ఇస్తారు, అందరూ వరసగా నిలబడి నవ్వుతారు. అదీ ఒక ముగింపేనా? మీరైతే ఎలా ముగిస్తారు?"

ఊఁ కొట్టించుకోవడమే తప్ప అత్తగారు ఆమె అభిప్రాయం అడగడం అదే మొదలు.

"పెద్దకోడల్ని వెళ్ళిపోనిస్తాను."

"ఎక్కడికి?"

"ఏదో పనికి. వేరే ఊరు."

"పోట్లాడా?"

"పోట్లాటేం లేదండీ. అలిసిపోయింది, అంతే."

అత్తగారు కప్పులోకి చూస్తూ ఆలోచించింది. "పోట్లాట లేకుండా వెళ్తే చూసేవాళ్ళకేముంటుంది? అయినా..." అని ఆగి, "నాకు మాత్రం చూడాలనుంది. వెళ్ళినావిడ అక్కడ ఏం చేసిందో అదీ చూపించాలి మరి. బస్సెక్కించి వదిలేస్తే నేనొప్పుకోను" అంది.

"చూపిస్తారులెండి," అంది అద్దాలమ్మాయి. కప్పు కింద పెట్టి లేచింది.

బట్టలు సంచీలో కుక్కుకుని బయటికొస్తుంటే పెద్దకోడలు గుమ్మందాకా వచ్చింది. నగలన్నీ తీసేసి ఉంది. కొంగుకి పొయ్యి మసి.

"ఆయనకి టీలో చక్కెర ఎంత చెల్లెమ్మా?"

"టీ తాగరు. ఏమడిగినా ఊఁ అంటారు. అది కోపం కాదు, నిద్ర."

"నేను చూసుకుంటాను," అంది ఆవిడ. అంత నిండుగా ఆ మాట అన్నవాళ్ళని అద్దాలమ్మాయి ఇంతవరకూ చూడలేదు.

బస్టాండులో ఓడరేవు బస్సు సిద్ధంగా ఉంది. తలుపు దగ్గర డ్రైవరు నిలబడి ప్రయాణికులని ఎక్కిస్తున్నాడు. ఆమెని చూశాడు. ఎక్కే మనిషిని చూసినట్టు చూశాడు.

"సంచీ ఇలా ఇవ్వండి," అన్నాడు. "ఆ వైపు వద్దండీ, పొద్దున ఎండ మొహం మీద పడుతుంది. ఇటు కిటికీ దగ్గర కూర్చోండి."

పేరు పెట్టి పిలుద్దామా అనుకుంది. పిలిస్తే తిరిగి చూస్తాడు, గుర్తుపడతాడు, 'అమ్మనడిగావా' అంటాడు. అతను చూపించిన చోట కూర్చుంది. బస్సు పెద్దరోడ్డు దాటేలోపే నిద్ర పట్టేసింది.

కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. బస్సు ఆగి ఉంది, ఖాళీగా. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. సీటు పక్కన డ్రైవరు, లేపాలా వద్దా అన్నట్టు, ఆమె సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదే చివరి స్టాపండీ," అన్నాడు మెల్లగా. "దారిలో రెండుచోట్ల ఆపాను. అందరూ దిగి టీ తాగారు. మిమ్మల్ని లేపబుద్ధి కాలేదు. బాగా అలిసిపోయి ఉన్నారు."

ఆమె అతని మొహంలోకి చూసింది. రాత్రంతా మేలుకున్న కళ్ళు, గడ్డం కింద తెల్లవెంట్రుక ఒకటి. అది ఎప్పుడొచ్చిందో తనూ చూడలేదు.

"అవునండీ," అంది. "చాలా అలిసిపోయాను."

సంచీ అందుకుని, బస్సు దిగింది.