ఎవరి నీళ్లు వాళ్లకు పోయరు

ఆ రోజు పొద్దున్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. గార్లదిన్నె దాటి రామన్నకొట్టాల మట్టిదారి పట్టేలోపే నాలుగుసార్లు ఫోన్ తీసి చూశాను. విదేశీ అధికారి బెంగళూరు నుంచి బయలుదేరి పెనుకొండ దాటాడని మెసేజ్ వచ్చింది. పదకొండుకు ఊళ్లో ఉంటాడు. నేను ఆయన పక్కన నిలబడి ఆయన ఇంగ్లీషును తెలుగులోకి, ఊరి తెలుగును ఇంగ్లీషులోకి మార్చాలి. పని అంతే. అంతే అయితే నాకెందుకు చెమటలు పట్టాలి?

నా పేరు సారా. మాది బత్తలపల్లె. పబ్లిక్ డిప్లొమసీ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. అంటే ఏమిటని మా నాయన అడిగితే చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఒక దేశం ఇంకో దేశపు సర్కారుతో కాకుండా అక్కడి మామూలు జనంతో మాట్లాడి, వాళ్ల దగ్గర మంచి అనిపించుకోవడం. దానికో చదువుంది, పుస్తకాలున్నాయి, సదస్సులున్నాయి. నా మూడో అధ్యాయం పేరు 'వినడం'. చెప్పే ముందు వినాలి, అదే ఈ విద్యకు పునాది అని డెబ్బై పేజీలు రాసి పడేశాను. ఆరు నెలలుగా ఒక దేశపు కార్యాలయంలో తాత్కాలికంగా పని చేస్తున్నాను. ఏ దేశమో చెప్పను, చెప్పనని సంతకం పెట్టాను. ఈ పర్యటన సాఫీగా జరిగితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

రామన్నకొట్టాలలో బోరు నీళ్లు తాగితే పిల్లల పళ్లు పచ్చబడతాయి, పెద్దవాళ్ల మోకాళ్లు బిగుసుకుపోతాయి. అందుకని ఆ దేశం వాళ్లు నాలుగేళ్ల కిందట ఫిల్టరు నీళ్ల ప్లాంటు కట్టించారు. గోడ మీద వాళ్ల జెండా బొమ్మ, కింద రెండు భాషల్లో స్నేహం గురించి రెండు వాక్యాలు. దాన్ని చూసుకునేది ఒక స్వచ్ఛంద సంస్థ. ఆ సంస్థ తరఫు మనిషి జయచంద్ర నాకంటే ముందే వచ్చి ప్లాంటు ముందు పచార్లు చేస్తున్నాడు.

"అంతా రెడీనా అన్నా?" అన్నాను.

"రెడీనే. ఊరి తరఫున గంగప్ప మాట్లాడతాడు. నాలుగు మాటలు నేర్పించినా. ఆడోళ్లను మాట్లాడనీకు, పొడుగు చేస్తారు."

ప్లాంటు వెనక నేలంతా తడిగా ఉంది. పెద్ద టైర్ల గుర్తులు. చూడగానే నాకు అర్థమైంది.

"ట్యాంకరు తెప్పించినావా?"

జయచంద్ర అటూ ఇటూ చూశాడు. "లోపల ఫిల్టరు పోయి మూడు నెల్లాయ. కొత్తది రావాల. ఈ పొద్దుకి నల్లా తిప్పితే నీళ్లు రావాల కదమ్మా, ఫోటో తీయాల కదా. ఈయప్ప వచ్చిపోతే ఈ పథకం ఫైలు మూసేస్తారు. అంతా బాగుంది అని మూస్తే నాకూ మంచిది, నీకూ మంచిది."

"ఊరికో?"

"తర్వాత సూద్దాం."

ఆ తర్వాత ఎప్పటికీ రాదని నాకు తెలుసు. ఫైలు మూసిన ప్లాంటు వైపు ఎవరూ తిరిగి చూడరు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నా ఉద్యోగం గుర్తొచ్చింది. సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

ఎండకు నిలబడలేక పక్కింటి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటామె సుంకమ్మ, అరవై దాటి ఉంటుంది. అప్పుడే ఎక్కడినుంచో బిందె నెత్తిన పెట్టుకుని వచ్చింది. మోకాలు వంగక కాలు ఈడ్చి నడుస్తోంది. బిందె దించి, చాలాసేపు గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది.

"ఏం సదువుతాండావమ్మా?" అంది.

చెప్పాను. వినడం గురించి కూడా చెప్పాను.

"అంటే పెండ్లి సంబంధాలు కుదిర్చే పని మాదిరి. ఈడి మాట ఆడ, ఆడి మాట ఈడ."

"దాదాపు అంతే."

"అయితే అబద్ధాలు బాగా చెప్పాల్నే," అని నవ్వి లోపలికి పోయింది. నాకు ఒళ్లు మండింది. ఈ ముసలామెకు నా డెబ్బై పేజీలు చదివి వినిపించాలనిపించింది. అంతలో కార్లు వచ్చాయి.

అధికారి పొడుగ్గా, ఎండకు ఎర్రబడిన ముఖంతో, మంచివాడిలాగే ఉన్నాడు. అందరికీ చేతులు జోడించాడు. గంగప్ప తనకు నేర్పిన మాటలు నాలుగూ అప్పజెప్పాడు. నీళ్లు బాగుండాయి సార్, పిల్లోళ్లు బాగుండారు సార్. నేను ఇంగ్లీషు చేశాను. జయచంద్ర నల్లా తిప్పాడు, నీళ్లు వచ్చాయి, ఫోటోలు తీశారు. గడియారం చూసుకున్నాను. ఇంకో పది నిమిషాలు గడిస్తే బతికిపోయినట్టే.

అప్పుడు సుంకమ్మ స్టీలు చెంబుతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అధికారి వెంట ఉన్న మనిషి సీసా చూపించి, ఆయన బయటి నీళ్లు తాగడన్నాడు. అధికారి మాత్రం అతన్ని ఆపి, చెంబు అందుకుని గడగడా తాగాడు. మూతి తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"చాలా తియ్యగా ఉన్నాయి. మా ప్లాంటు నీళ్లు ఇంత బాగుంటాయని అనుకోలేదని చెప్పండి."

చెప్పాను. సుంకమ్మ బుగ్గన చేయి పెట్టుకుంది.

"అయ్యో, ఇవి ఆయప్ప నీళ్లు కాదు. వచ్చినోళ్లు తెచ్చిండేది వాళ్లకే పెడతామా? మా ఇండ్లల్లో ఆ పని చేయం. బంధువులు పండ్లు తెస్తే వాళ్లు పోయేదాకా ఆ సంచి ముట్టం. అట్లాంటిది ఆయప్ప ప్లాంటు నీళ్లు ఆయప్పకి ఎట్ల పోస్తా? ఓబుళేసు చీనీతోటలో పాతబావికి పోయి తెచ్చినా. ఆ ప్లాంటు సచ్చి మూడు నెల్లాయ కదా, అదీ చెప్పమ్మా."

జయచంద్ర నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఈ ముసలామె మా బండారం బయటపెట్టాలని రాలేదు, మర్యాద చేద్దామని వచ్చింది. అదే మా కొంప ముంచింది. అధికారి నా నోటి వంక చూస్తున్నాడు.

"మీరు మా ఊరికి రావడం ఎంతో సంతోషం అంటోంది," అన్నాను.

ఆయన నవ్వాడు. సుంకమ్మకు మళ్లీ దండం పెట్టాడు. సుంకమ్మ దండం తీసుకోలేదు. ఆయన ముఖాన్ని కొంచెంసేపు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నువ్వు చెప్పలా," అంది. "చెప్పింటే ఆయప్ప నగడు."

గొంతు పెంచలేదు. తిట్టలేదు. వినడం మీద డెబ్బై పేజీలు రాసిందాన్ని, ఆమె అంటున్న మాట విననట్టు నిలబడ్డాను. ఆమె మనవరాలు పక్కనే కొంగు పట్టుకుని ఉంది. ఆ పిల్ల నోరు తెరిచి చూస్తోంది, ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు. నా మీద నాకే అసహ్యం వేసింది. మోచెయ్యి విదిలించుకున్నాను.

"నేను తప్పు చెప్పాను," అన్నాను ఇంగ్లీషులో. "ఆమె అన్నది అది కాదు." అని మొదటినుంచీ చెప్పాను. బావి, బిందె, పండ్ల సంచి, మూడు నెలలు. పొద్దున వచ్చిన ట్యాంకరు సంగతి సుంకమ్మ అనలేదు, అది నేనే కలిపాను.

"ఏం చేస్తాండావు సారా," అంటున్నాడు జయచంద్ర వెనకనుంచి.

అధికారి ముఖంలో నవ్వు పోయింది. "మాకెందుకు చెప్పలేదు?" అని ఆమెను అడగమన్నాడు.

సుంకమ్మ చేత్తో జయచంద్రను చూపింది. "ఈయప్పకి మూడుమాట్లు చెప్పినాం. దొర వచ్చిపోయినంక అన్నాడు. దొరకే చెప్పాలంటే మాకు ఆయప్ప మాట రాదు కదా. ఈ పాప వస్తాదంటే ఈ పాప చెప్తాదిలే అనుకున్యాం."

ఆ చివరి వాక్యం కూడా ఇంగ్లీషు చేశాను. ఆయన ప్లాంటు గది తలుపు తీయించి లోపలికి పోయాడు, చాలాసేపటికి బయటికి వచ్చాడు. నేరుగా కారు దగ్గరికి నడిచాడు. ఎక్కేముందు, బావి ఎంత దూరమని మాత్రం నాతో అడిగించాడు. రెండు మైళ్లు అంది సుంకమ్మ.

నాలుగో రోజున నాకు మెయిల్ వచ్చింది. అనువాదకురాలు సొంత మాటలు కలిపిందని, ఒప్పందం పొడిగించడం లేదని. ఆ మాట అబద్ధం కూడా కాదు. ట్యాంకరు మాట నా సొంతమే. నేను మూడో అధ్యాయం తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, ఒక్క ముక్క రాయలేక నెలన్నర ఇంట్లో తిరిగాను.

ఒకరోజు ఫోన్ మోగింది. గంగప్ప ఫోన్‌లోంచి సుంకమ్మ.

"నీళ్లొస్తాండాయి పాపా. కొత్త ఫిల్టరు ఏసి వారమాయ. ఒక పూట వచ్చి సూసిపో."

మర్నాడే బస్సెక్కాను. ప్లాంటు ముందు క్యాన్లు వరసగా ఉన్నాయి. జెండా బొమ్మ అలాగే ఉంది. నల్లా కింద చెయ్యి పెట్టి చూశాను. నీళ్లు చల్లగా తగిలాయి. దోసిట్లో తాగబోతే సుంకమ్మ అరుగు మీదనుంచి కేకేసింది.

"ఆడ తాగొద్దు. ఇంటికి రా."

అరుగు మీద కూర్చోబెట్టి అదే స్టీలు చెంబు తెచ్చిచ్చింది. ఒక గుక్క తాగానో లేదో, ఆ రోజు అధికారి అన్న తియ్యదనం తెలిసిపోయింది. బావి నీళ్లు. ఆమె కాళ్లు చూశాను. మోకాళ్ల దాకా ఎర్రమట్టి, ఇంకా కడుక్కోలేదు.

"పక్కనే ప్లాంటు పెట్టుకుని రెండు మైళ్లు పోయినావా? ఆ కాళ్లతో?" కోపమే వచ్చింది నాకు.

"అవి నువ్వు తెచ్చిండే నీళ్లు కదమ్మా," అంది సుంకమ్మ. "నీ నీళ్లు నీకెట్ల పోస్తాను?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. చెంబు పూర్తిగా తాగి ఇచ్చాను.