ఒకటే పచ్చ బటన్

సౌదీలోని దమ్మామ్‌లో యూనివర్సిటీ వెబ్‌సైట్ పని హేమసుందర్‌ది. పొద్దున్నే టీ తాగి, నిన్న ఎవరికి ఏ పేజీలో దారి తెలియలేదో చూసుకుని, అక్షరాలు పెద్దవి చేసి, బొమ్మల కింద వివరాలు రాసేవాడు. అతని పేజీలకో అలవాటుంది. చదవలేనివాళ్ళు తెర మీద వేలు పెడితే, వాళ్ళను పెంచిన మనిషి గొంతుతో చదివి వినిపిస్తాయి. చూపులేని జాహెదాకు పరీక్షల తేదీలు వాళ్ళ నానమ్మే చెప్పేది, ఆలస్యంగా లేస్తావని నాలుగు తిట్లు కలిపి మరీ. లైబ్రరీవాళ్ళు గోల ఎక్కువైందన్నారు తప్ప ఇంకెవరూ ఏమీ అనలేదు.

హేమసుందర్‌నూ, అక్కడి ఏసీ మెకానిక్కులనూ పనిలో పెట్టింది ఒక కాంట్రాక్టు కంపెనీ. సౌదీవాళ్ళు చాలినంతమంది లేక కంపెనీలకు రంగులిచ్చే సర్కారు లెక్క నితాఖత్‌లో అది ఎరుపులో పడింది. ఎరుపులో పడితే పనివాళ్ళు కంపెనీని అడగకుండానే వీసాకు పూచీపడే వేరే యజమాని, అంటే వేరే కఫీల్ కిందికి మారిపోవచ్చు. ఆ సంగతి తెలిసేలోపే వాళ్ళను ఇళ్ళకు పంపించెయ్యాలని కంపెనీ తొందర.

పనివాళ్ళుండే క్యాంప్‌కు బాస్ గౌస్ మొహిద్దీన్ హేమసుందర్ దగ్గరికి వచ్చాడు.

"సార్, మావోళ్ళకు సదువు రాదు. ఇంటికి పోయే ఫారంకు ఒకటే బటన్ పెట్టుండ్రి, పెద్దగ, పచ్చగ. కింద రాత కనవడొద్దు. మిమ్మల్నయితే మన ఇంకో కంపెనీల ఎక్కిస్తమని మేనేజర్ సాబ్ మాటిచ్చిండు."

ఖర్మ కాకపోతే, సులువుగా చెయ్యడం నేర్చుకున్నది ఇందుకా? అనుకున్నాడు హేమసుందర్. కానీ కంప్యూటర్ పనులకు ఇక సౌదీలే కావాలంటున్న రోజులు, అతన్ని ఇంకెవరు తీసుకుంటారు? రాతను కంటికి కనపడకుండా చేశాడు. తీసెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు.

గురువారం మెకానిక్ మొండయ్య వరసలో అందరికంటే ముందు నిలబడి తెర మీద బొటనవేలు పెట్టాడు. ఆరేళ్ళ కింద పోయిన వాళ్ళమ్మ ముత్యవ్వ గొంతు వినిపించింది.

"నా అంతట నేనే ఇంటికి పోతున్న, వేరే కఫీల్ నాకొద్దు అని రాసిండ్రు బిడ్డా. నొక్కినవో, ఇగ అంతే."

మొండయ్య వేలు తీశాడు. "అవ్వ వద్దంటున్నది," అని గౌస్‌తో చెప్పి బయటికి నడిచాడు. వెనకున్న ఇరవై మందీ అతని వెంటే పోయారు. నెల తిరిగేసరికి అందరూ సులై అనే చోట వేరే కఫీల్ దగ్గర పనిలో చేరారు.

హేమసుందర్‌ను మాత్రం ఎవరూ ఎక్కడా ఎక్కించలేదు. దేశం వదిలిపొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ కాగితం ఇంటికి తెచ్చిన రోజు భార్య పద్మజ అడిగింది.

"బటన్ కింది ఆ రెండు లైన్లు తీసేస్తే పోయేదిగా అండీ?"

"తీసేద్దామనే కూర్చున్నా. వాళ్ళ తల్లులంతా నా వంకే చూస్తున్నట్టనిపించింది."

కూతురు వర్ష పదో తరగతి పరీక్షలకు ఇంకా రెండు నెలలుంది. దేశం విడవడానికి నెలే గడువు. పద్మజ స్కూలుకు ఫోన్ చేసి టీసీ అడిగింది.