సీలు వేసిన ఊపిరి

గంజాయి గుట్టను తగలబెట్టి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ సన్యాసిరావు, స్టేషన్ కాంటా మీద పొద్దుటికంటే పన్నెండు కిలోలు ఎక్కువ తూగుతున్నాడు. కాంటా తప్పేమీ లేదు. ఆ పన్నెండు కిలోలూ అతను పీల్చిన పొగ.

కొండదారుల్లో పట్టుబడిన సరుకును కోర్టు ఆర్డరు రాగానే కాల్చి, ఆరేదాకా కాపలా కాయడం పదకొండేళ్లుగా అతని డ్యూటీ. మూతికి కర్చీఫు కట్టుకుంటాడు. పొగ కర్చీఫును లెక్కచేస్తుందా, పాడా!

"పొగ కూడా కేసు ప్రాపర్టీయే. మీరు ఇంటికి పట్టుకెళ్తే కంచే చేను మేసినట్టవుతుంది," అంటుంది ఎస్సై హిమజ.

"రేపు మా మనవరాలి బారసాల మేడమ్. పేరు నానే సెవిలో సెప్పాలని మా అమ్మాయి పట్టు. దగ్గు, కళ్లు తిరగడం నాకెలాగూ ఉన్నాయి. ఈ పొగ పసిదాని సెవికాడ ఎలా వదుల్తాను?"

నెల కూడా నిండని ఆ పిల్లను తలచుకుంటే అతనికి నిజంగానే భయమేస్తోంది.

"అయితే ఇక్కడే డిపాజిట్ చేసి వెళ్లండి."

సన్యాసిరావు చొక్కా గుండీలు విప్పి ఊపిరితిత్తులు రెండూ తీసి బల్ల మీద పెడతాడు. వాటిని తెల్లగుడ్డలో కుట్టి, లక్కసీలు వేస్తారు. సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులు సంతకం పెడతారు.

ఇంటి దగ్గర భార్య నూకరత్నం అతని మెడ వాసన చూస్తుంది. "ఇన్నాళ్లకి మనిషి వాసనొత్తన్నావు," అని మురిసిపోతుంది.

మర్నాడు చుట్టాలందరి ముందూ మనవరాలి చెవి దగ్గరకు వంగుతాడు. నోరు తెరుస్తాడు. ఊపిరి లేనిదే మాటెక్కడిది? పెదవులు కదులుతాయి, పేరు రాదు. అతనికి ఏడుపొస్తుంది. అదీ చప్పుడు లేకుండానే.

అప్పుడే ఫోన్ మోగుతుంది. నూకరత్నం ఎత్తుతుంది.

"మీవారి మూట నీలవేణి, నీలవేణి అంటోందమ్మా. ఎవరామె?" అంటుంది ఎస్సై.

"మా మనవరాలే తల్లీ! ఆ ఫోను ఓపాలి మూటకాడెట్టండి," అని నూకరత్నం తన ఫోనును పాప చెవికి ఆనిస్తుంది.

"నీల..." అంటుంది ఫోను, సన్యాసిరావు గొంతుతో. దాని రంధ్రాల్లోంచి సన్నగా పొగ బయలుదేరుతుంది. సన్యాసిరావు చటుక్కున అరచెయ్యి అడ్డం పెడతాడు.

పాప సగం పేరుతోనే నిద్రపోతుంది. మిగిలిన సగం అతని గుప్పిట్లో వెచ్చగా కదులుతోంది. వేళ్లు సడలనివ్వకుండా, దాన్ని స్టేషన్లో అప్పగించడానికి సన్యాసిరావు బస్సెక్కుతాడు.