తూము మూసిన ఐదు రోజులు

భార్య రాసిన పదకొండు పుస్తకాల్లో బసవయ్య ఒక్కటి కూడా చివరిదాకా చదవలేదు. కానీ ఆ పదకొండు లోకాల్లోనూ ఒక్కో రోజు బతికాడు. ఈ మాట ఆయన గర్వంగానే చెప్పుకుంటాడు. ఎదుటివాళ్ళు నమ్మకపోతే కసురుకుని మరీ నమ్మిస్తాడు.

వెంకటరత్నమ్మ పని చేసే తీరు అది. ఆమె పొన్నూరు దగ్గర పుట్టి, పందొమ్మిదో ఏట కర్ణాటకలో జవళగేర పక్కనున్న క్యాంపుకి కోడలిగా వచ్చింది. తుంగభద్ర కాలువ కింద వరి పండించుకుందామని కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె లేని లోకాల కథలు రాస్తోంది. రాకెట్ల జోలికి పోదు, దెయ్యాలంటే విసుగు. మన లోకంలో ఒక్క నియమం మారుస్తుంది, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచుతుంది. రాయడం మొదలుపెట్టే ముందు ఆ నియమం ఒక రోజు ఇంట్లో అమలు కావాలి. పెట్టేది ఆమె, పడేది బసవయ్య.

మనిషికి రోజుకు ఒక్క అబద్ధమే ఉన్న లోకం రాసేటప్పుడు, పాపం ఆయన తన వాటా అబద్ధాన్ని పొద్దున్నే ఉప్మా బాగుందనడానికి ఖర్చు పెట్టేశాడు. తొమ్మిదింటికి బావమరిది ఫోన్ చేసి ట్రాక్టరు అడిగితే, ఉంది గానీ నీకివ్వడం ఇష్టం లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ బావమరిది రెండేళ్ళు మాట్లాడలేదు. నవల మాత్రం మూడు ముద్రణలు పడింది. తిన్న ప్రతిసారీ అంతకు ముందు జరిగిందంతా మరిచిపోయే మనుషుల కథప్పుడైతే, భోజనం చేసి లేచి, పెళ్ళాన్ని పట్టుకుని "ఎవరండీ మీరు?" అని అడిగాడు. ఆమె పడీపడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ నవ్వునే తీసుకెళ్ళి ఆరో అధ్యాయంలో పెట్టుకుంది.

ఆమె పని చేస్తుంటే చూడటం ఆయనకిష్టం. తెల్లారి పాలు పితికి, కేను గేటు దగ్గర పెట్టి, వరండాలో బల్ల ముందు కూర్చునేది. విత్తనాల కంపెనీ ఊరికే పంచే డైరీల్లో రాసేది. ఎండ బల్ల కాలి దాకా వస్తే లేచిపోయేది, వాక్యం మధ్యలో ఉన్నా సరే. ఒకసారి తొంభై పేజీలు చించి పొయ్యిలో పెట్టేసింది. ఎందుకే అని అడిగితే, "ఆ లోకంలో ఆవు పాలివ్వడానికి కారణం లేదండీ" అంది. బసవయ్యకు ఆ కథ ఏమిటో తెలియదు. కానీ తన చేలో ఒక మడి తేడాగా ఉంటే తనకూ నిద్ర పట్టదు గనుక, ఆ మాట ఆయనకు బాగా అర్థమైంది.

పన్నెండో పుస్తకానికి మూడేళ్ళు పట్టింది. అందులో నియమం ఒక్కటే. కాలువ నీళ్ళు చిట్టచివరి మడిని తడిపాకే దాని పై మడికి అందుతాయి. అలా పైపైకి వస్తూ అందరికంటే ఆఖరున కాలువ మొదట్లో ఉన్న క్యాంపుకి చేరతాయి. నాలుగు వందల పేజీలు. విజయవాడలో ప్రచురణకర్త అంబరీశ్ డిసెంబరుకు పుస్తకం తెస్తున్నామని ప్రకటన కూడా ఇచ్చేశాడు.

అచ్చుకి పంపే ముందు ఆమెకు ఇంకో అలవాటుంది. చదువు రానివాళ్ళెవరికైనా పుస్తకమంతా చదివి వినిపించాలి. వాళ్ళు ఆవలించిన చోటల్లా కొట్టేస్తుంది. ఈసారి వింటానని కూర్చుంది చెన్నవ్వ. కాలువ చివర, నీళ్ళు అందీ అందని గిల్లేసూగూరు నుంచి నాట్లకొచ్చిన ముఠాలో పెద్దమనిషి ఆమె. పన్నెండు రోజులు, మధ్యాహ్నం అన్నాలప్పుడు, గట్టు మీద వేపచెట్టు కింద చదువు సాగింది. చెన్నవ్వ ఒక్కసారి కూడా ఆవలించలేదు.

ఆఖరి రోజు బసవయ్య మజ్జిగ బిందె తీసుకుని అక్కడికి వెళ్ళేసరికి చదవడం అయిపోయింది.

"కథ మస్తుగుందక్కా," అంటోంది చెన్నవ్వ. "ఒక్కటే తప్పు రాసినవ్. నీళ్ళ కోసం ఎదురుచూసేటోళ్ళు గట్ల ఉండరు."

"మరెలా ఉంటారు?"

చెన్నవ్వ ఏదో చెప్పింది. బసవయ్యకు సరిగ్గా వినపడలేదు. రత్నమ్మ ఇంకోసారి చెప్పించుకుని డైరీ వెనక అట్ట మీద రాసుకుంది. ఇంటికెళ్ళి రాతప్రతిని పాత తువ్వాల్లో మూటగట్టి బీరువా మీద పెట్టేసింది. అంబరీశ్‌కి ఫోన్ చేసి, "డిసెంబరుకి రాదండీ. అసలు వస్తుందో రాదో," అని చెప్పి పెట్టేసింది.

"కూలికొచ్చిన మనిషి ఒక్క మాటంటే మూడేళ్ళ కష్టం అటకెక్కిస్తావా?" అని బసవయ్య మండిపడ్డాడు.

"ఆవిడ కూలికొచ్చింది నాట్లకి. ఈ విషయంలో నేనే కూలిదాన్ని, ఆవిడే ఆసామి," అంది రత్నమ్మ. "తప్పు నాదేనండీ. ఈ పుస్తకం దగ్గర నేను పనిదొంగతనం చేశాను. మనింట్లో ఒక రోజు గడిపామే, గుర్తుందా?"

గుర్తుంది. ఆ రోజు పాలేరు, పనిమనిషి స్నానాలు చేశాక గానీ ఆయనకు బకెట్టు దక్కలేదు. అంతటితో అయిపోయిందనుకుని సంతోషించాడు కూడా.

"నియమాన్ని బకెట్టు దగ్గర ఆపేశాను. చేను తూము దాకా తీసుకెళ్ళడానికి నోరు రాలేదు. మీరు ఒప్పుకోరని తెలుసు."

ఆ తర్వాత నెల దాటినా ఆమె బల్ల దగ్గర కూర్చోలేదు. చేను దుబ్బు కట్టి పచ్చగా తిరిగింది. అప్పుడు అడిగింది. "ఐదు రోజులు మన తూము మూసేయండి. గట్టు మీద కూర్చోండి. ఏం చేశారో, ఏం చూశారో నాకు ఉన్నదున్నట్టు చెప్పండి."

"నీకేమైనా మతి పోయిందా రత్నం? ఇంకో పది రోజుల్లో చేను పొట్టకొస్తుంది! వరికి నీ కథలు తెలుస్తాయా?"

"తెలియవు."

"ఆ చెన్నవ్వ ఏం చెప్పిందో అదే రాసుకోరాదూ?"

"ఆవిడ చెప్పింది ఆవిడ ఊరివాళ్ళ సంగతి. నా పుస్తకంలో ఎదురుచూసేది మన క్యాంపువాళ్ళు. మనమూ అలాగే చేస్తామో లేదో నాకు తెలియాలి. ఆ మాట విన్నాను గనుక నేను పనికిరాను. మీకు చెబితే మీరూ పనికిరారు. వద్దంటే వద్దండీ. బలవంతం లేదు. కానీ తెలియని సంగతి తెలిసినట్టు మాత్రం అచ్చు వేయించను. పుస్తకం ఆపేస్తాను."

వద్దన్నాడు. రెండు రోజులు వద్దంటూనే ఉన్నాడు. మూడో రోజు పొద్దున వరండాలోకి వస్తే బల్ల మీద గోంగూర కట్టలున్నాయి. ముప్ఫై ఏళ్ళలో ఆ బల్ల మీద కాగితం తప్ప ఇంకోటి పెట్టనివ్వని మనిషి, అక్కడే కూర్చుని ఆకు తుంచుతోంది. పదకొండు లోకాలు పుట్టిన బల్ల అది. ఆ మనిషితో బతకడం తనకు దొరికిన అదృష్టమని ఎన్నడూ పైకి అనలేదు గానీ, ఆ క్షణాన ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. పార భుజాన వేసుకెళ్ళి, తూముకి చెక్క దించి, గోనెసంచులు కుక్కి, మట్టి కొట్టాడు.

మొదటి రోజు గట్టు మీద కూర్చుని కాలువనే చూశాడు. తనవి కావలసిన నీళ్ళు గలగలా పోతున్నాయి. పక్క చేను బాబ్జీ, సంగతి అప్పటికే చెవిన పడ్డట్టుంది, మోటారు సైకిల్ ఆపి పకపకా నవ్వాడు.

"ఏంటి బాబాయ్, మీరొదిలేసినవి గిల్లేసూగూరు పోతాయనుకున్నారా? నా తూములోకొస్తాయి. పిన్నిగారికి నా తరఫున దండం పెట్టానని చెప్పండి."

రెండో రోజు బాబ్జీ చేను చూసి కడుపు మండింది. తన మడిలో పుల్ల గుచ్చి, నీరు ఎంత దిగిందో గుర్తు పెట్టుకున్నాడు. మూడో రోజు పుల్ల చుట్టూ బురదే మిగిలింది. నాలుగో రోజు మెరక మడిలో వెంట్రుకంత సన్నటి పగులు కనిపించింది. వంగి దాన్ని వేలితో పూడ్చాడు. ఒక్క వేలితో ఎన్ని పూడుస్తాడు? ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. రత్నమ్మ ఆయన కంచం వైపు చూసింది, తన కంచం పక్కకు పెట్టేసింది.

ఐదో రోజు మధ్యాహ్నం కాకుండానే ఆయన ఇంటికొచ్చేశాడు. వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"రత్నం, నేను నీ పరీక్షకి పనికిరాలేదు," అన్నాడు. "గట్టు మీద కూర్చోమన్నావు, కూర్చున్నాను. నీళ్ళే చూడాలనుకున్నాను. రెండు రోజులు చూశాను. తర్వాత చూడలేదు. ఇవాళ పొద్దున గుర్తొచ్చి చూసుకుంటే కాలువకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాను. ఎప్పుడు తిరిగానో కూడా తెలియదు. సిగ్గేస్తోంది చెప్పడానికి. రోడ్డు చూస్తున్నాను. బస్సొచ్చింది, ఎవరెక్కుతున్నారా అని చూస్తున్నాను."

రత్నమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది.

"ఏ బస్సు?"

"పదకొండింటిది. సింధనూరుది."

"ఎంతమంది ఎక్కారు?"

"ఆరుగురు. ఒకడి దగ్గర పరుపు చుట్ట, రేకు పెట్టె. వాడెక్కడికి పోతున్నాడో, అక్కడ పనేముందో అని ఆలోచిస్తున్నాను. సింధనూరు రైసుమిల్లులో అరవై దాటినవాణ్ణి కాపలాకి పెట్టుకుంటారా అని కూడా ఆలోచించాను. ఎనిమిదెకరాలున్నవాణ్ణి! ఐదు రోజులకే!"

ఆమె లోపలికెళ్ళి డైరీ తెచ్చి, వెనక అట్ట తిప్పి ఆయన చేతికిచ్చింది. చెన్నవ్వ అన్న మాటలు, అన్నవి అన్నట్టే ఉన్నాయి.

"మొదటి దినం కాలువ దిక్కు సూస్తరు. తర్వాత సూడరు. బస్సు దిక్కు సూస్తరు. ఎవరు బెంగళూరు పోతున్రు, మేస్త్రి ఎంతమందిని పిలుస్తున్నడు, గదే సూస్తరు. నీళ్ళొస్తే గూడ చేన్లకు ఉరకం. ముందుగాల బిందెలు నింపుకుంటం. మళ్ళ ఎప్పుడు బంద్ అయితదో ఎవరికెరుక."

బసవయ్య రెండుసార్లు చదివాడు. భార్య చేతిరాతలో ఆయన చివరిదాకా చదివిన మొదటి కాగితం అదే. కళ్ళజోడు తీసి, తుడుచుకోవాల్సింది అద్దాలు కాదని తెలిసినా, అద్దాలే తుడుచుకున్నాడు.

"మన కాలువే కదే," అన్నాడు. "ఆ నీళ్ళు నలభై ఏళ్ళుగా మన గుమ్మం ముందు నుంచే కదా పోతున్నాయి."

"అవునండీ," అంది రత్నమ్మ. "నా పుస్తకంలో మనవాళ్ళు గట్టు మీద కూర్చుని పాటలు పాడుకుంటూ ఎదురుచూస్తారు. నాలుగు వందల పేజీలు."

బీరువా మీద మూట దించింది. బల్ల మీద ఆకు చెత్త కొంగుతో ఊడ్చేసి, కొత్త డైరీ తెరిచింది. ఎండ అప్పటికే బల్ల కాలు దాటి నడుమ్మీదికొచ్చింది. లేవలేదు. బసవయ్య వెళ్ళి తూము తీశాడు. చేను నిండింది. కానీ మర్నాడు పదకొండింటికి రోడ్డు మీద హారన్ వినపడగానే చేలో పురుగుమందు కొడుతున్నవాడల్లా తలెత్తి అటే చూశాడు. ఆ తర్వాత రోజూ అంతే. వెనకటి లోకాల్లోంచి రాత్రి పడుకుని లేచేసరికి బయటపడేవాడు. ఈసారి అలా కుదరలేదు.

నవల మళ్ళీ పూర్తి కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అంబరీశ్ ఫోన్ మీద ఫోన్. వెంటనే కొరియర్‌లో పంపమంటున్నాడని రత్నమ్మ చెప్పింది. రాతప్రతి చుట్టిన తువ్వాలు బల్ల మీద ఉంది. బసవయ్య తెల్ల చొక్కా తొడుక్కుని, దాన్ని చంకన పెట్టుకుని, గేటు దగ్గర నిలబడ్డాడు.

"కొరియర్ ఆఫీసుకా?" అంది ఆమె.

"కాదు. గిల్లేసూగూరుకి ఏ బస్సులెక్కాలో కనుక్కున్నాను. సంచీ సర్దుకో. విజయవాడవాళ్ళు ఆగుతారులే, ముందు కాలువ చివర చెన్నవ్వవాళ్ళు వినాలి."